ఐస్‌క్రీం పుల్లలతో అరచేతిలో పట్టే స్లెడ్జి బండి

క్రిస్మస్ చెట్టు కింద పెట్టే ఈ మంచుబండికి మామూలు ఐస్‌క్రీం పుల్లలు తొమ్మిది చాలు. అయినా పన్నెండు దగ్గర పెట్టుకోండి, వంచేటప్పుడు ఒకటో రెండో విరుగుతాయి. కొలతలన్నీ 11.4 సెం.మీ. పొడవు, సెంటీమీటరు వెడల్పు, 2 మి.మీ. మందం ఉన్న పుల్లలకి. విశాఖ పూర్ణా మార్కెట్లో కొన్నా, ఇంటి దగ్గర కొన్నా రంగు పుల్లలు మాత్రం తీసుకోవద్దు. ఫెవికాల్ చెక్కలోకి ఇంకితేనే పట్టు. రంగు మీద రాస్తే పొరలా లేచొస్తుంది. ఉప్పుకాగితం, బ్లేడు, బట్టల క్లిప్పులు, కొబ్బరి చీపురుపుల్ల, 30 సెం.మీ. పురికొస, ఎర్ర యాక్రిలిక్ రంగు కూడా కావాలి.

ముందు బండి అడుగున ఉండే జారే పట్టీలు రెండూ (నిండు పుల్లలే) వంచండి, ఆరడానికి రోజు పడుతుంది కాబట్టి. అసలు బండికి ఈ పట్టీల ముక్కు పైకి లేచి ఉండేది మంచులో గుచ్చుకోకుండా. ఆ వంపు కుదరకపోతే చూసినవాళ్లకి పీటలా కనిపిస్తుంది, బండిలా కాదు. చార, అంటే చెక్కలోని పీచు గీత, నిలువుగా, తిన్నగా ఉన్న పుల్లలే ఏరండి. చార అడ్డం తిరిగినచోటే పుల్ల విరుగుతుంది. ముందువైపు 4 సెం.మీ. మునిగేలా మరుగుతున్న నీళ్లలో అరగంట ఉంచండి. తీసిన వెంటనే 6 సెం.మీ. అడ్డకొలత ఉన్న గ్లాసుకి ఆనించి, నెమ్మదిగా నొక్కుతూ రబ్బరు బ్యాండుతో బిగించండి. చిటపటమంటే ఆపి మళ్లీ నానబెట్టండి. విశాఖ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. ఫ్యాను కింద 24 గంటలైనా ఉండాలి. తడి ఉండగా విప్పితే వంపు తిన్నగా అయిపోతుంది. బాగా ఆరినా కాస్త విచ్చుకుంటుంది, అది మామూలే.

పైపలకకి ఐదు పుల్లల్ని 8.5 సెం.మీ.కి కొయ్యండి. పూర్తి పొడవు ఉంచితే పలక ముక్కు పట్టీల వంపుకి తగులుతుంది. కత్తెర పెడితే పుల్ల నిలువునా చీలుతుంది. రెండువైపులా బ్లేడుతో గాటు పెట్టి విరిచి, అంచు ఉప్పుకాగితంతో రుద్దండి. పాత ఏటీఎం కార్డు మందం సందు వదులుతూ పక్కపక్కన పేర్చి, 5.4 సెం.మీ. అడ్డపట్టీలు రెండు అతికించండి: ఒకటి వెనక నుంచి 1 సెం.మీ. దగ్గర, రెండోది 6.5 దగ్గర.

కాళ్లకి పుల్ల ముక్కని నిలబెట్టి అతికించాలనిపిస్తుంది. కోసిన అంచుకి పట్టుండదు, వేలు తగిలితే ఊడుతుంది. సెంటీమీటరు ముక్కలు నాలుగేసి ఒకదానిమీద ఒకటి పేర్చితే 8 మి.మీ. ఎత్తుగల గట్టి కాలు వస్తుంది. అలాంటివి నాలుగు, అంటే పదహారు ముక్కలు; పలక కోయగా మిగిలిన తుంపుల్లోనే పది వస్తాయి. అడ్డపట్టీల చివర్ల మీద అతికించి, వాటిమీద జారే పట్టీలు ఆనించి, క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలేయండి. తొందరపడి నిమిషంలో అతికే గమ్ము వాడితే తేమ గాలికి చుట్టూ తెల్లటి మరక కడుతుంది.

రెండు ముక్కుల్నీ కలుపుతూ చీపురుపుల్ల అడ్డంగా దారంతో కట్టి, పురికొస దానికే ముడివేయండి. పుల్లకి మేకుతో బెజ్జం పెడితే చీలిపోతుంది.

రంగు పలచగా రెండు పూతలు. మంచుకి దూది పీచు చాలు. ఉప్పు చల్లితే మన గాలికి రెండు రోజుల్లో చెమ్మగిల్లి రంగు మీద మరకలు పడతాయి. పలక మీద చిన్న ఏటికొప్పాక లక్కబొమ్మ కూర్చోబెట్టండి, ఆ ఎరుపు పసుపులు దూది తెలుపు మీద భలే నిండుగా ఉంటాయి.