కుండీలో చైనా నారింజ

కడియం నర్సరీ నుంచి తెచ్చిన చైనా నారింజ నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో మా బాల్కనీలో ఉంది. ఎత్తు నా నడుము దాటదు, కాయ పెద్ద ఉసిరికాయంత. అంతకుముందు తెచ్చిన మొక్క వానాకాలంలో చచ్చిపోయింది. రోజూ నీళ్లు పోశాను, కింద ప్లేటులో నీళ్లు నిలిచాయి, వేర్లు కుళ్లాయి. చాలా బాధపడ్డాను.

కొనేటప్పుడు కాయల్ని కాదు, కాండాన్ని చూడండి. అంటు కట్టిన చోటు గట్టిగా అతుక్కుని ఉండాలి. ఆకుల అడుగున పొలుసు పురుగు ఉంటే వద్దు. 12 అంగుళాల మట్టికుండీ చాలు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక కలపండి. అంటు భాగం మట్టిలో కూరుకుపోకూడదు. దాని కింద నుంచి వచ్చే చిగుళ్లు వేరుమొక్కవి, అంటే అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్కవి. వాటిని మొదట్లోనే గిల్లేయండి, లేకపోతే పైచెట్టు బలమంతా అవే తీసుకుంటాయి.

ఎండ రోజుకు ఆరు గంటలైనా తగలాలి. నీళ్ల సంగతి వేలే చెబుతుంది: రెండు కణుపుల లోతున తడి తగిలితే ఆ రోజు పోయకండి. పోసినప్పుడు మాత్రం అడుగు కన్నాల్లోంచి కారేదాకా పోయండి. మే నెలలో నేను పొద్దునా సాయంత్రం కూడా పోస్తాను.

మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. రెండో ఏడాది లేత ఆకులు పసుపైపోయాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. నత్రజని తక్కువైందనుకుని యూరియా వేయబోయాను. అసలు లోపం ఇనుము, జింకుది. ఎరువుల దుకాణంలో దొరికే సూక్ష్మపోషకాల మిశ్రమాన్ని ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సాయంత్రం పూట పిచికారీ చేస్తే కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి. వాన నీళ్లు పట్టి పోస్తే ఇంకా మంచిది. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు మాత్రం పోయకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పిల్లపురుగు. పెద్దదై పచ్చగా మారాక ముట్టుకుంటే నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. నాకు చంపబుద్ధి కాదు. తీసి కరివేపాకు చెట్టు మీద పెడతాను, అక్కడా తింటుంది.

కాయ నారింజ రంగుకు తిరిగాక లాగకుండా కత్తెరతో తొడిమ దగ్గర కోయండి. తొక్క తియ్యన, రసం పులుపు. మా ఇంట్లో పప్పు దించాక రెండు కాయలు పిండుతాం.