నొప్పి లేదని ఊరుకోకండి

ముషీరాబాద్ బస్తీ దవాఖానాలో నర్సుగా నేను ఎక్కువగా వినే మాట, "గడ్డ ఉంది గానీ నొప్పేం లేదు సిస్టర్." నన్ను భయపెట్టేది ఆ రెండో ముక్కే. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, చాలావరకు మామూలువే. కానీ ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చలేం.

నెలసరి అయిపోయిన కొన్ని రోజులకు, రొమ్ములు మెత్తగా ఉన్నప్పుడు చూసుకోండి. నెలసరి ఆగినవాళ్లు ఇంటి అద్దె కట్టే రోజు పెట్టుకోండి, మర్చిపోరు. ముందు అద్దంలో: చేతులు దించి, పైకెత్తి, నడుం మీద నొక్కిపెట్టి. చర్మం ఎక్కడైనా లోపలికి గుంజుకుందా, నారింజ తొక్కలా అయిందా, చనుమొన కొత్తగా లోపలికి పోయిందా? తర్వాత స్నానంలో, సబ్బు చేత్తో. వేళ్ల కొసలతో కాదు, మూడు వేళ్ల మెత్తటి భాగంతో చిన్న చిన్న సున్నాలు చుట్టండి. మెడ కింద ఎముక నుంచి రొమ్ము కింది గీత దాకా, చంకతో సహా. చిటికెతో పట్టుకోవద్దు, అలా పట్టుకుంటే అంతా గడ్డలాగే తగులుతుంది. నెలనెలా చూసుకుంటే, బియ్యం ఏరే చేతికి రాయి తగిలినట్టు తేడా తెలిసిపోతుంది.

ఇది డాక్టర్ పరీక్షకు బదులు కాదు. 30 దాటితే ప్రభుత్వ దవాఖానాలో రొమ్ము పరీక్ష అడగండి, 40 దాటితే మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) గురించి అడగండి. అమ్మకో అక్కకో వచ్చి ఉంటే ఇంకా ముందే. మా ఇంట్లో ఎవరికీ లేదనే ధీమా మాత్రం వద్దు, ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ లేదు.

అలవాట్ల సంగతి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. ఇందిరా పార్కులో కబుర్లకు ఆగే నడక లెక్కలోకి రాదు! నెలసరి ఆగాక ఒంట్లో కొవ్వే ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది, చాలా రొమ్ము క్యాన్సర్లు పెరగడానికి తోడయ్యే హార్మోన్ అది, అందుకే ఆ వయసులో బరువు మీద కన్నేయాలి. పిల్లలకు పాలిస్తే తల్లికీ మేలే. మందు ఎంత తక్కువైతే అంత మంచిది, వైన్ కూడా మందే. నల్ల బ్రా వల్ల క్యాన్సర్ వస్తుందనే వాట్సాప్ మెసేజ్ డిలీట్ చేసేయండి.

సూది పరీక్ష చేస్తే క్యాన్సర్ పాకుతుందని కొందరు పారిపోతారు. అలా పాకదమ్మా. ఆ సూదితోనే అసలు సంగతి తేలుతుంది.

మామోగ్రామ్ రోజున చంకల్లో పౌడరు, డియోడరెంట్ వద్దు, ఫిల్ములో మచ్చల్లా పడొచ్చు. పైభాగం ఒక్కటే విప్పేలా చీరో, చుడీదారో కట్టుకెళ్లండి. పాత రిపోర్టులుంటే వెంట తీసుకెళ్లండి.