వసంతం చేతిపనులు చెడిపోతున్నాయా? మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో చేయించేవాళ్లకు సమస్య - పరిష్కారం

శివరాత్రి పోయి ఉగాది వచ్చేలోపు వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు మోదుగులు ఎర్రగా పూస్తాయి, మామిళ్లకు పిందె పడుతుంది, వేపలు కొత్త చిగురు వేస్తాయి. అంగన్‌వాడీల్లో, నర్సరీల్లో, ఇళ్లలో చిన్నపిల్లలతో వసంతం బొమ్మలు చేయించడానికి ఇంతకంటే మంచి రోజులు లేవు. కానీ ఫోన్‌లో చూసింది చూసినట్టు చేయించబోతే బొమ్మ పగులుతుంది, ఊడుతుంది, నల్లబడుతుంది. అప్పుడు "వీడికి చేతకావట్లేదు" అనేస్తాం. చాలాసార్లు లోపం పిల్లల చేతుల్లో ఉండదు. ఆ పద్ధతి, ఆ సామాను మన మట్టికీ మన ఎండకూ సరిపడకపోవడమే అసలు కారణం. ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

మట్టి పిట్ట ఆరేసరికి పగిలిపోతోంది

కారణం దాదాపు ఎప్పుడూ నల్లరేగడే. పత్తి పండే ఊళ్లలో పెరట్లో దొరికేది అదే కాబట్టి దాన్నే తడిపి ఇచ్చేస్తాం. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరితే బాగా ముడుచుకుంటుంది. ఎండాకాలం చేలల్లో నెర్రెలు పడేది అందుకే. పిల్లవాడి అరచేతిలోని పిట్టకు జరిగేదీ అదే.

చెరువు ఒండ్రు గానీ, కుమ్మరి దగ్గర అడిగి తెచ్చిన మట్టి గానీ వాడండి. ఎండబెట్టి, దంచి, జల్లించాకే తడపండి. చెరువు మట్టిలో గాజు పెంకులు, ముళ్లు ఉంటాయి, జల్లించకుండా పిల్లల చేతికి ఇవ్వొద్దు. నల్లరేగడి తప్ప ఇంకేమీ దొరకకపోతే మూడు గుప్పిళ్ల మట్టికి ఒక గుప్పెడు సన్న ఇసుక కలిపి చూడండి, పగుళ్లు బాగా తగ్గుతాయి.

మట్టి మంచిదే అయినా మెడ దగ్గర విరుగుతుంటే కారణం వేరు. తల విడిగా, ఒళ్లు విడిగా చేసి అతికించారన్నమాట. రెండు ముద్దల తడి ఒకేలా ఉండదు, ఒకటి ముందు ఆరి రెండోదాన్ని వదిలేస్తుంది. నిమ్మకాయంత ముద్ద ఒకటే ఇచ్చి, అందులోంచే తల లాగమనండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక కొసను మెల్లగా నొక్కితే ముక్కు వస్తుంది, వెనక కొసను చదును చేస్తే తోక. నాలుగేళ్ల పిల్లలు దీన్ని హాయిగా చేస్తారు. పొట్ట లావుగా ఉంటే కింది నుంచి బొటనవేలితో ఒక గుంట నొక్కించండి, లోపలి తడి బయటికి పోవడానికి దారి దొరుకుతుంది.

ఎండలో పెట్టొద్దు. మార్చిలో 35 డిగ్రీలు దాటడం మామూలే, ఆ ఎండకు పైపొర ముందే ఎండి చీలుతుంది. మొదటి రోజు తడిగుడ్డ కప్పి నీడలో ఉంచండి, తర్వాత గుడ్డ తీసేయండి. ఆరిందో లేదో తెలియాలంటే చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరాకే రంగు. రెక్కలకు నీలం వేయిస్తే పాలపిట్ట అవుతుంది. మన తెలంగాణ రాష్ట్ర పక్షి అని చెబితే పిల్లలు దాన్ని ఇంటికి తీసుకుపోయి మరీ చూపిస్తారు.

మోదుగు పూల రంగు పాలిపోయినట్టు వస్తోంది

కాముని పున్నమికి, అంటే హోలీకి, పిల్లలు పాడే జాజిరి పాటలు మొదలవగానే అందరికీ గుర్తొచ్చే రంగు ఇది. పలచబడటానికి మూడు కారణాలు. చెట్టు కింద రాలి గోధుమరంగుకు తిరిగిన పూలు ఏరడం ఒకటి, నీళ్లు ఎక్కువ పోయడం రెండోది. మూడోది చాలామందికి తట్టదు, అది ఇనుప గిన్నె. ఇనుము తగిలితే ఈ రంగు మురికిగా, మబ్బుగా మారిపోతుంది.

అదే రోజు రాలిన పూలు ఏరి, తొడిమలు తీసి, మునిగేంత నీళ్లే పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున స్టీలు గిన్నెలో పావుగంట మరిగించి వడకట్టండి. చిటికెడు సున్నం కలిపితే పసుపు ఛాయ పోయి చిక్కటి నారింజ రంగు వస్తుంది. పొయ్యి పని, సున్నం పని పెద్దవాళ్లే చేయాలి. సున్నం కలిపిన నీళ్లు పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు, కంట్లో పడితే ప్రమాదం.

రంగు చిక్కగానే ఉన్నా కాగితం మీద నిలవకపోతే తప్పు నున్నటి చార్టుది. గరుకు డ్రాయింగ్ కాగితం గానీ, పాత తెల్ల నూలు పంచె ముక్క గానీ ఇవ్వండి, వెంటనే పీల్చుకుంటుంది.

అతికించినవి ఊడిపోతున్నాయి, జిగురు వాసన వస్తోంది

మైదాను చన్నీళ్లలో కలిపి అలాగే వాడితే పట్టదు, ఉడకాలి. కప్పు మైదాకు మూడు కప్పుల నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద చిక్కబడి మెరిసేదాకా తిప్పండి. ఈ వేడికి మర్నాటికే పులుస్తుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే చేసుకోవడం మేలు. పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం వేస్తారు. అది విషం. పిల్లలు వేళ్లు నాకే చోట దాని మాటే వద్దు.

ఈ నెలల్లో ఇళ్లల్లో చింతపండు కొట్టి గింజలు తీస్తుంటారు కదా, ఆ గింజలు పారేయకండి. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికిస్తే గట్టి జిగురు వస్తుంది. చేర్యాల కళాకారులు రంపపు పొట్టులో కలిపి మాస్కులు, బొమ్మలు చేసేది దీంతోనే. పిల్లలతో చిన్న మాస్కు చేయించాలంటే నాకు తెలిసి ఇంతకంటే మంచి సామాను లేదు.

అతికించిన పూరేకులు నల్లబడుతున్నాయి

పచ్చి రేకుల్లో నీరుంటుంది. మోదుగు, మందారం లాంటి దళసరి రేకులైతే మరీ త్వరగా కమిలిపోతాయి. పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెడితే మూడు నాలుగు రోజుల్లో ఆరుతాయి. అంత ఓపిక పిల్లలకు ఉండదు అంటారా, కాగితం పూలు తెచ్చుకోండి. ప్రహరీగోడల మీద ఈ ఎండల్లోనే విరగబూస్తాయి, వాటిలో తేమ తక్కువ, కోసిన వెంటనే అతికించినా రంగు చాలా రోజులు నిలుస్తుంది.

బెండకాయ అచ్చు అలుక్కుపోతోంది

జిగట వల్ల. అడ్డంగా కోసి అరగంట గాలికి వదిలేసి, గుడ్డతో అద్ది అప్పుడు ఇవ్వండి. రంగు గిన్నెలో ముంచనివ్వకుండా రంగులో తడిపిన స్పాంజి మీద అద్దిస్తే అయిదు రేకుల పువ్వు స్పష్టంగా పడుతుంది. ఆకుల అచ్చుకైతే లేత చిగురు వద్దు, చిరుగుతుంది. ముదురు ఆకు వెనకవైపు, ఈనెలు తేలి ఉన్న వైపు రంగు పూయాలి.

కాగితాలు ఎగిరిపోతున్నాయి, ఫ్యాన్ ఆపితే పిల్లలు చెమటకు చిరాకు పడుతున్నారు

కాగితం పని పొద్దున తొమ్మిదిలోపు వరండాలో పెట్టుకోండి. ఒంటిపూట బడులు మొదలయ్యాక ఎలాగూ పొద్దుటి సమయమే ఉంటుంది. ఒక్కొక్కరికి అంచున్న స్టీలు ప్లేటు ఇస్తే ముక్కలు అందులోనే ఉంటాయి.

కత్తెర పట్టుకోవడం రావట్లేదు

మూడేళ్లకు గీత మీద కత్తిరించడం రాదు, రావాలని చూడొద్దు. ముందు కాగితాలు చింపించండి. వేళ్లకు బలం అక్కడే వస్తుంది, చింపిన పచ్చ ముక్కలతో ఉగాది మామిడి తోరణం చక్కగా కుదురుతుంది. తర్వాత రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు ఇవ్వండి, ఒక్క నొక్కుతో ముక్క తెగితే పిల్లలకు ధైర్యం వస్తుంది. బొటనవేలు పైకి ఉండాలి. మెత్తటి న్యూస్‌పేపర్ వంగిపోతుంది, పెళ్లిపత్రికంత మందం ఉంటే సులువు. ఎడమచేతి పిల్లలకు మామూలు కత్తెరతో గీత కనిపించదు, వాళ్లకు ఎడమచేతి కత్తెర కావాలి. చేయి మార్చమని మాత్రం బలవంతపెట్టొద్దు.

రెండు నిమిషాలకే లేచి వెళ్లిపోతున్నారు

ముందు మీరు చేసిన నమూనా దాచేయండి. అందంగా చేసిన బొమ్మ ఎదురుగా ఉంటే "నాకు రాదు, నువ్వే చెయ్యి" అంటారు. చివరికి ఇరవై మంది బొమ్మలు ఒకేలా ఉంటాయి, అన్నీ టీచరే చేసినవి. అది వసంతం పని కాదు, టీచరమ్మకు అదనపు పని.

రెండోది, ఏం చేయిస్తున్నామో చూసుకోండి. ట్యులిప్ పువ్వు, కరుగుతున్న మంచు మన పిల్లలు ఎక్కడ చూశారు? ముందు బయటికి తీసుకెళ్లి రాలిన ఆకులు, వేపపూత, కానుగ చిగురు వాళ్లనే ఏరుకోనివ్వండి. తాను ఏరిన ఆకుతో కూర్చున్న పిల్ల తొందరగా లేవదు. మూడేళ్లవాళ్లు పది నిమిషాలు కూర్చుంటే చాలు, ఆపైన లాగొద్దు.

దొరికినవన్నీ నోట్లో, ముక్కులో పెట్టుకుంటున్నారు

ఆ వయసుకు అది సహజం, కాబట్టి జాగ్రత్త మనదే. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, గురివింద గింజలు చేతిపని దరిదాపుల్లోకి రానివ్వొద్దు. జిల్లేడు పువ్వు అందంగా ఉంటుందని కోస్తారు. దాని పాలు కంట్లో పడితే మంచినీళ్లతో ధారగా చాలాసేపు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూడేళ్లవాళ్లకు చింతగింజలు, పూసలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. ముక్కులో గింజ దూరితే పిన్నుతో, పుల్లతో కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. పిల్లను ఏడిపించకుండా కూర్చోబెట్టి, నోటితో ఊపిరి తీసుకోమని చెప్పి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.