డీసీబీఎక్స్ ఆన్ చేసే ముందు జాగ్రత్తలు

డేటా సెంటర్‌లో స్విచ్, సర్వర్ నెట్‌వర్క్ కార్డు తమ సెట్టింగులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతే డీసీబీఎక్స్. అది నడిచేది ఎల్‌ఎల్‌డీపీ (పక్కపక్క పరికరాలు తమ వివరాలు పంచుకునే ప్రోటోకాల్) సందేశాల ద్వారానే. పోర్టులో ఆ సందేశాలు పంపడం, అందుకోవడం రెండూ ఆన్‌లో ఉన్నాయేమో ముందు చూడండి.

రెండు చివర్లా ఒకే డీసీబీఎక్స్ వెర్షన్ ఉండాలి: పాత సీఈఈ గానీ, ఐఈఈఈ 802.1క్యూఏజెడ్ గానీ.

అన్నిటికన్నా ముఖ్యం ‘విల్లింగ్’ బిట్, అంటే అవతలి పరికరం సెట్టింగును తీసుకోవడానికి సిద్ధమని చెప్పే గుర్తు. స్విచ్‌లో ఆఫ్, సర్వర్‌లో ఆన్ ఉంచండి. రెండూ ఆన్‌లో ఉంటే, ఐఈఈఈ వెర్షన్‌లో పీఎఫ్‌సీకి (ప్యాకెట్లు పోకుండా, ఎంచుకున్న ప్రయారిటీ ట్రాఫిక్‌ను మాత్రమే కాసేపు ఆపే ఏర్పాటు) చిన్న మ్యాక్ అడ్రస్ ఉన్న పరికరం సెట్టింగే చెల్లుతుంది. నెట్‌వర్క్ విధానాన్ని దయచేసి అలా యాదృచ్ఛికానికి వదలకండి! రెండూ ఆఫ్ అయితే ఎవరి సెట్టింగు వారిదే. తేడా ఉంటే స్టోరేజీ ప్యాకెట్లు పోవచ్చు.

ఈటీఎస్ (ట్రాఫిక్ రకాలకు బ్యాండ్‌విడ్త్ పంచే ఏర్పాటు) వాటాలు కలిపితే 100 శాతం రావాలి.

ఎఫ్‌సీఓఈకి (ఈథర్‌నెట్ మీద నడిచే ఫైబర్ ఛానెల్ స్టోరేజీ ట్రాఫిక్) సాధారణంగా ప్రయారిటీ 3. పీఎఫ్‌సీని నష్టం కూడని ట్రాఫిక్‌కే పరిమితం చేయండి.

ప్రస్తుత కాన్ఫిగరేషన్‌ను భద్రపరిచాకే పోర్టును ముట్టుకోండి.