బండి వణుకుతోందా? చెయ్యి పెట్టే ముందు ఇవి చూసుకోండి

బెంగళూరు మారతహళ్లి గుంతలు, స్పీడ్ బ్రేకర్లు రోజూ తినే క్రూయిజర్ బైక్ ఏదో ఒక రోజు వింతగా చప్పుడు చేస్తుంది. పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజన్‌కు కొంత వణుకు సహజమే. కొత్తగా మొదలైందా, పెరిగిందా అన్నదే చూడాలి.

ఇంజన్ చల్లారనివ్వండి. సైలెన్సర్ తగిలిన మచ్చ నా పిక్క మీద ఇంకా ఉంది.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్టార్ట్ చేసి వినకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పైగా గోడల ప్రతిధ్వనికి చిన్న టిక్‌టిక్ కూడా సుత్తి దెబ్బలా వినిపిస్తుంది.

చైన్ చూసేటప్పుడు ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, న్యూట్రల్‌లో చక్రం చేత్తోనే తిప్పాలి. ఇంజన్ నడుస్తుండగా చైన్‌కు గుడ్డ పట్టారో, వేలు స్ప్రాకెట్‌లోకి (చైన్ తిరిగే పళ్ల చక్రంలోకి) పోతుంది. చాలా క్రూయిజర్లకు సెంటర్ స్టాండ్ ఉండదు. వెనక చక్రాన్ని పైకెత్తి నిలిపే ప్యాడాక్ స్టాండ్ వాడండి, పట్టుకోడానికి ఇంకో మనిషిని పిలవండి.

రోడ్డు మీద పరీక్షకు ముందు టైర్లలో గాలి, యాక్సిల్ నట్లు, బ్రేకులు చూసుకోండి. ఆదివారం పొద్దున్నే, ఖాళీ రోడ్డు, హెల్మెట్ తప్పనిసరి. 50లో వెళ్తూ యాక్సిలరేటర్ వదిలి క్లచ్ పట్టండి. వణుకు అలాగే ఉంటే చక్రాలు, చైన్ వైపు అనుమానించాలి. వెంటనే తగ్గితే ఇంజన్, దాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే మౌంటింగ్ బోల్టుల వైపు. చప్పుడెక్కడా అని వంగి చూడొద్దు. హ్యాండిల్ ఊగినా, ఆయిల్ లైట్ వెలిగినా అక్కడే ఆపేయండి.

జేసీ రోడ్డుకు పార్టుల కోసం పరుగెత్తే ముందు చిన్న స్క్రూలన్నీ బిగించి చూడండి. బేరింగ్ పోయిందని నేను వారం టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే నంబర్ ప్లేటు!