ట్రావెల్ చాలని పొడవైన జాబ్: క్లాంపులు విప్పకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిల్లింగ్ మెషిన్ ఎక్స్ ట్రావెల్, అంటే పొడవు దిశలో టేబుల్ కదలగల దూరం, 800 మిల్లీమీటర్లు, జాబ్ (కోయవలసిన లోహపు ముక్క) పొడవు 1400 మిల్లీమీటర్లు అయినప్పుడు, ఒక సగం పూర్తిచేసి, జాబ్‌ను జరిపి, రెండో సగం చేయవలసి వస్తుంది. రెండో సెట్టింగ్‌లో (జాబ్‌ను రెండోసారి బిగించినప్పుడు) కొలతలు కుదరక గంటల తరబడి డయల్ (సూక్ష్మమైన తేడాలు చూపే ముల్లు గేజీ) పట్టుకుని అవస్థపడేవారిని నేను చాలాసార్లు చూశాను. వారిలో ఎక్కువమంది రెండో సెట్టింగ్‌కు కావలసిన ఆధారాన్ని (కొలతలు మొదలుపెట్టే గుర్తును) మొదటి సెట్టింగ్‌లో తయారుచేసుకోకుండానే క్లాంపులు విప్పినవారు. ఒకసారి విప్పిన తర్వాత ఆ ఆధారాన్ని తిరిగి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం.

పై జాబ్‌నే తీసుకుందాం. ఎడమ చివర నుంచి 750 మిల్లీమీటర్ల వరకు చేసి, జాబ్‌ను ఎడమవైపుకు 650 మిల్లీమీటర్లు జరిపితే, రెండు సెట్టింగులలోనూ స్పిండిల్‌కు (టూల్‌ను తిప్పే భాగానికి) అందేది మధ్యలోని 100 మిల్లీమీటర్ల భాగం మాత్రమే. మొదటి సెట్టింగ్‌లోనే ఆ భాగంలో ఒక రంధ్రం వేసి, బోర్ చేసి (కచ్చితమైన కొలతకు పెద్దది చేసి), దాని స్థానాన్ని కాగితం మీద రాసిపెట్టుకోవాలి. డ్రాయింగ్‌లో అక్కడ రంధ్రం లేకపోతే, తర్వాత కోతలో పోయే మెటీరియల్‌లో వేసుకోవడం మంచిది. ఆ భాగంలోనే రెండు రంధ్రాలు వేసి, వాటితోనే కోణం కూడా సరిచేసుకోవచ్చని అనిపిస్తుంది కానీ, ముందు లెక్క వేసి చూడాలి. 80 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు రంధ్రాల మధ్య 0.01 మిల్లీమీటరు తేడా వచ్చినా, అక్కడి నుంచి 660 మిల్లీమీటర్ల అవతల ఉన్న చివరకు చేరేసరికి అది 0.08 అవుతుంది. కాబట్టి రంధ్రాన్ని పొడవు దిశకే ఆధారంగా ఉంచుకుని, కోణానికి జాబ్ వెనుక అంచును నమ్ముకోవాలి. అయితే ఆ అంచు మొదటి నుంచి చివరి వరకు తిన్నగా ఉందో లేదో పని మొదలుపెట్టకముందే చూసుకోవాలి, ఎందుకంటే అంచు వంగి ఉంటే ఒక్కో సెట్టింగ్‌లో డయల్ చక్కగా సున్నా చూపించినా, రెండు సగాలూ ఒకదానికొకటి కోణంలోనే ఉంటాయి.

మెటీరియల్‌లో దాగి ఉన్న ఒత్తిడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోల్డ్ రోల్డ్ పట్టీల మీద ఒకవైపు ఎక్కువ మెటీరియల్ తీస్తే, క్లాంపు విప్పగానే అవి విల్లులా వంగుతాయి. అందుకే ముందు రెండు సగాలకూ రఫింగ్ (ఎక్కువ మెటీరియల్ తీసే ముతక కోత) పూర్తిచేసి, క్లాంపులు వదులుచేసి, జాబ్‌ను దాని సహజ స్థితికి రానిచ్చి, ఆ తర్వాతే ఫినిష్ కోత వేయాలి. జాబ్‌ను మరో రెండుసార్లు జరపవలసి వచ్చినా ఈ శ్రమను తప్పించుకోకూడదని నా అభిప్రాయం. కోత వేడి తగ్గాకే కొలతలు తీసుకోవాలి. ఒక డిగ్రీ వేడి పెరిగితే మీటరు పొడవున్న ఉక్కు సుమారు 0.012 మిల్లీమీటర్లు, అల్యూమినియం సుమారు 0.023 మిల్లీమీటర్లు సాగుతాయి.

ఇక టేబుల్ బయటకు నిలిచే భాగం. మన 1400 మిల్లీమీటర్ల జాబ్ 100 మిల్లీమీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పట్టీ అనుకుంటే, దాని మొత్తం బరువు దాదాపు 44 కిలోలు. 650 మిల్లీమీటర్లు ఆధారం లేకుండా బయటకు నిలిస్తే, సొంత బరువుకే దాని కొస 0.06 మిల్లీమీటర్లు కిందికి వాలుతుంది. మందం సగమైతే ఆ వాలు నాలుగు రెట్లవుతుంది. టేబుల్ కదిలే మెషిన్‌లో నేల మీద స్టాండ్ పెట్టి దానికి జాబ్‌ను బిగించకూడదు, ఆధారం టేబుల్‌తో పాటే కదిలేలా టేబుల్‌కే బిగించిన పొడిగింపు ప్లేటు వాడాలి. ఆ ప్లేటు బరువు కూడా టేబుల్ మోయగల బరువులోకే వస్తుంది. కింద పెట్టే స్క్రూ జాక్‌ను బలంగా బిగిస్తే జాబ్ పైకి లేస్తుంది కనుక, పైన డయల్ పెట్టి, ముల్లు కదలడం మొదలయ్యే చోటే ఆపాలి. జరిపేటప్పుడు సగానికి మించి బయటకు పోతే జాబ్ తలకిందులవుతుంది కాబట్టి, హాయిస్ట్‌తో పట్టి ఉంచకుండా చివరి క్లాంపు విప్పకూడదు.

మనిషికి ప్రమాదం కూడా ఈ బయటి భాగంతోనే. ర్యాపిడ్ (కోత లేనప్పటి వేగపు కదలిక) నిమిషానికి 20 మీటర్లంటే పట్టీ కొస సెకనుకు 33 సెంటీమీటర్లు దూసుకొస్తుంది, పక్కన నిలబడిన మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు. పక్క తలుపు తెరిచి పనిచేయవలసి వస్తే, ఇంటర్‌లాక్‌కు (తలుపు తెరిస్తే మెషిన్‌ను ఆపే రక్షణకు) అడ్డుకట్ట వేసి నడపడం ఎంత మాత్రం తగదు. తయారీదారు అనుమతించిన పద్ధతి ఉంటేనే, పట్టీ కదిలే దూరమంతటికీ కంచె పెట్టి, ర్యాపిడ్ తగ్గించి నడపాలి. ప్రోగ్రామ్ మొదలుపెట్టే ముందు టేబుల్‌ను ఎక్స్‌లోనూ వైలోనూ (ముందువెనకల దిశలోనూ) రెండు చివరలకూ నెమ్మదిగా జాగ్ చేసి (చేతి నియంత్రణతో కదిలించి), పట్టీ కొస గోడకు గాని, టూల్ చేంజర్‌కు గాని తగలదని కళ్లారా చూసుకోవాలి. పట్టీ వెంట పారే కూలెంట్ (కోతను చల్లబరిచే ద్రవం) నేల మీద పడకుండా కింద ట్రే పెట్టాలి.

రెండో సెట్టింగ్‌లో జాబ్‌ను దించే ముందు టేబుల్‌ను గుడ్డతో తుడిచి, ఆ తర్వాత అరచేతితో తడిమి చూడాలి. ఒకసారి నా చేతి పనిలోనే, మొదటి సగంలో వేసిన రంధ్రం అడుగున మిగిలిన సన్నటి బర్ (లోహపు ముల్లంచు) వల్ల జాబ్ ఒక మూల లేచి, రెండు సగాలు కలిసే అతుకు దగ్గర గోటికి తగిలే మెట్టు పడింది. బర్ గీకడానికి రెండు నిమిషాలు చాలు, ఆ మెట్టును సరిచేయడానికి పూట పట్టింది. జాబ్ కూర్చున్నాక బోర్ చేసిన రంధ్రాన్ని ప్రోబ్‌తో (తాకి స్థానం చెప్పే సాధనంతో) గాని డయల్‌తో గాని పట్టి, జి55లో (మెషిన్ సున్నా స్థానాలను దాచుకునే గదుల్లో రెండోదానిలో) కొత్త సున్నా పెట్టాలి. మొదటి సెట్టింగ్ సున్నా ఉన్న జి54ను చెరపకుండా ఉంచితే రెండు విలువలనూ పోల్చి చూసుకోవచ్చు. ఫినిష్ కోతకు రెండు సెట్టింగులలోనూ ఒకే టూల్‌ను, దాని పొడవు ఆఫ్‌సెట్ (మెషిన్‌లో నమోదైన టూల్ పొడవు) మార్చకుండా వాడాలి. అతుకు నున్నటి ముఖం మధ్యలో పడకుండా, ఏదైనా పాకెట్ (లోపలికి తొలిచిన గుంట) అంచుకో గాడికో వచ్చేలా ప్రోగ్రామ్‌ను విభజించుకోవడం మేలు.

రెండో సగంలో మొదటి రంధ్రాన్ని కొలతకంటే ఒక మిల్లీమీటరు చిన్నగా వేసి ఆపాలి. మొదటి సగంలోని రంధ్రం నుంచి దానికి ఉన్న దూరాన్ని పొడవాటి వెర్నియర్‌తో కొలవాలి. దూరం తేడాగా ఉంటే జి55 విలువను సవరించి, అదే రంధ్రాన్ని సరైన స్థానంలో బోర్ చేయడానికి ఆ మిల్లీమీటరు సరిపోతుంది.