వయొలెట్ వాడిపోతోందా? ముందు మట్టి ముట్టుకుని చూడండి

నర్సరీల్లో ఇంట్లో పెంచుకోవడానికి వయొలెట్ అని ఇచ్చేది సాధారణంగా ఆఫ్రికన్ వయొలెట్. టాంజానియా, కెన్యా కొండల్లో నీడపట్టున, రాళ్ల సందుల్లో పెరిగే మొక్క. వేళ్లు సన్నగా పైపైనే ఉంటాయి, గాలి ఆడకపోతే ఇట్టే కుళ్లుతాయి. తంటాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

ఆకులు వాలిపోయాయి

మట్టిలో వేలు ఒక కణుపు లోతుకి పెట్టండి. పొడిగా ఉంటే దాహమే. కుండీని నీళ్ల పళ్లెంలో అరగంట ఉంచి, మిగిలిన నీళ్లు పారబోయండి. కొన్ని గంటల్లో తేరుకుంటుంది.

తడిగా ఉన్నా వాలిందంటే వేరుకుళ్లు. వాడింది కదా అని ఇంకో గ్లాసు పోస్తే మొక్క పోయినట్టే. కుండీలోంచి తీసి చూడండి: మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరును రెండు వేళ్లతో లాగితే గోధుమరంగు తోలు జారిపోయి, లోపల దారంలాంటి నార మిగులుతుంది. అలాంటివన్నీ కత్తిరించి కొత్త మిశ్రమంలో నాటండి: కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 2 పాళ్లు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) 2 పాళ్లు, వర్మీకంపోస్ట్ అర పాలు. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు కడిగి పిండాలి. ఎర్రమట్టి గడ్డకడుతుంది, వద్దు. కుండీ వెడల్పు ఆకుల పరపులో మూడో వంతు చాలు. పెద్ద కుండీలో తడి ఆరదు.

నడిమొగ్గ మెత్తబడితే మొక్క దక్కదు. గట్టి ఆకు ఒకటి తీసి, కాడ 3 సెం.మీ. ఉంచి ఏటవాలుగా కోసి నాటండి. 3-4 వారాల్లో వేళ్లు, 2-3 నెలల్లో పిల్లలు వస్తాయి.

ఆకుల మీద లేతరంగు మచ్చలు, వలయాలు

ఆకు మీద చల్లటి నీళ్లు పడ్డాయి. వచ్చిన మచ్చ పోదు. ఇకమీదట గదిలో నిలవ ఉంచిన నీళ్లే పోయండి, అదీ అడుగు నుంచి.

పూలు లేవు

కాడలు పొడుగ్గా సాగుతుంటే వెలుతురు చాలట్లేదు. తూర్పు కిటికీ మేలు. అది లేకపోతే ఎల్‌ఈడీ దీపం 30 సెం.మీ. ఎత్తున, రోజుకి 12-14 గంటలు. రాత్రి 8 గంటల చీకటీ కావాలి. వేసవిలో గది 30 డిగ్రీలు దాటితే పూత ఆగడం సహజం, అప్పుడు ఎరువు ఆపేయండి.

కుండీ అంచున తెల్లటి పొర, దానికి ఆనిన కాడలు కుళ్లడం

బోరు నీళ్లలోని లవణాలు, మిగిలిపోయిన ఎరువు. అంచు తుడిచి, నెలకోసారి వాన నీళ్లో ఆర్‌వో నీళ్లో కుండీకి మూడింతలు, ఆకులు తడవకుండా పైనుంచి మట్టిలో పోసి, పూర్తిగా కారనివ్వండి.

నడి ఆకులు చిన్నవై, బిగుసుకుని, బూడిదరంగు నూగుతో ఉన్నాయి

ఇది సైక్లమెన్ మైట్ అనే నల్లి, కంటికి కనపడదు. వేపనూనె మీద ఆశ పెట్టుకోకండి. మొక్కను సంచిలో కట్టి పారేసి, చేతులు కడుక్కున్నాకే మిగతావి ముట్టుకోండి.

తోట మళ్లలో పూసే వయొలాలు, పాన్సీలు వేరే మొక్కలు. మన దగ్గర అక్టోబరులో నారు పోస్తే చలికాలంలో పూస్తాయి. మార్చి ఎండలకు అవి మాడితే అది తెగులు కాదు, వాటి కాలం అయిపోయినట్టే.